ఎనభై ఐదు మెట్ల హాజరు

పానగల్, నల్లగొండ
23 జూన్ 2024

చిరంజీవి కోమలకు ఆశీస్సులు.

స్వస్తి. క్రోధి నామ సంవత్సర జ్యేష్ఠ మాసంలో, ఏరువాక పున్నమి వెళ్లిన మరునాడు, మీ అమ్మ ఈదమ్మ నలభై ఏండ్లు కాచిన పియానో మా ఇంటి నడిమి గదిలో అడుగుపెట్టింది. ఇంటికి ఒక వస్తువు రావడం వేరు, ఒక వ్రతం రావడం వేరు. నిన్న వచ్చినది రెండవది. అందుకే ఈ దినాన్ని పేరు పెట్టి పిలిచి, కాగితం మీద నిలిపి ఉంచుతున్నాను.

ఆరుగురు మోశారు. గడప దాటుతుండగా లోపలి తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. ముందు పట్టిన హమాలీ ఐలేశం అదిరిపడి, "అమ్మో, గిండ్ల పానమున్నది సార్!" అన్నాడు. "ఉంటది మరి, మెల్లగ దించు" అని మా ఇంటావిడ, మీ పెద్దమ్మ ప్రమీలమ్మ ఆజ్ఞ.

గురుకులం ఉద్యోగంలో నీకు బదిలీ అయింది. దేవరకద్రలో నీకు దొరికిన కిరాయి గది మేడ మీద ఉంది. దీన్ని అక్కడికి ఎక్కించలేక, చిన్నప్పుడు నీకు తెలుగు చెప్పిన నన్ను అడిగావు. అడిగినందుకు నేనే కృతజ్ఞుణ్ణి. మిషన్ హాస్టల్లో మీ అమ్మ ఊడ్చి తుడిచే పని చేసేది. పక్క బడిలో నేను పండితుణ్ణి. తొంభై రెండులో, నలభై ఏండ్ల వయసులో, గిన్నెలు కడగడం ముగించి వచ్చి నా ముందు పలక పట్టుకొని కూర్చున్నది. అక్షరాలు ఓపికగా నేర్చింది కాని, అంకెల మీద ఆమెకు ఉన్న ఆత్రం నేనెక్కడా చూడలేదు. అవీ మన తెలుగు అంకెలే కావాలన్నది. ఎనభై దాటి కొద్ది దూరం పోయాక, "ఇగ చాలు సార్" అని పలక కింద పెట్టింది. వంద దాకా రమ్మంటే నవ్వి లేచిపోయింది. ఆ నవ్వుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు వాయించడం రాదు. కాపాడే విధానం రాసి పంపు. ఫోనులో చెప్పవద్దు. విన్నది మరచిపోయే వయసు నాది, రాసినది గోడకు అంటించుకుంటాను.

శుభం.
నీ రాములు సార్


దేవరకద్ర
7 జూలై 2024

గౌరవనీయులైన సార్ గారికి నమస్కారాలు.

విధానం రాయమన్నారు. అది పుస్తకాల్లో నేర్చింది కాదు. అమ్మ ఎట్లా చెప్పేదో అట్లాగే రాస్తున్నాను, దిద్దకండి.

"ఎండ తగలనియ్యకు. బయటి గోడకు ఆనియ్యకు. తడి చెయ్యి పెట్టకు, మీద పూలగిన్నె పెట్టకు. తీగెలను వేలుతోని ముట్టకు, చెమటకు తుప్పు పడ్తయి. ఉగాది దాటినంక అడుగు పెట్టెల ముంతెడు నీళ్లు పెట్టు, చెక్క ఎండి పగుల్తది. మిరుగం కార్తె రాంగనే ముంత తీసెయ్యి. ఎండిన వావిలాకు మూట లోపల వేలాడదియ్యి, పురుగు రాదు. పొద్దుగాల్నే ఒక్కొక్క మెట్టును ఒక్కపారి ఒత్తు. ఒత్తకపోతె అలుగుతయి."

ఇంతే సార్. ఏడాదికి రెండుసార్లు హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి శ్రుతి చేసి పోతాడు.

ఒక మాట చెప్పాలి. హాస్టల్ మూసేటప్పుడు వార్డెనమ్మ పియానోను అమ్మకు ఇచ్చింది. నాకు సంతోషం కలగలేదు. చిన్నప్పుడు మిగతా పిల్లలు పియానో ముందు పాఠానికి కూర్చుంటే, మా అమ్మ దాని కింద నేల తుడుస్తూ ఉండేది. నేనూ వాయించడం నేర్చుకున్నాను కాని, తల తిప్పి ఆమె వైపు చూసేదాన్ని కాదు. నాకు వాయించడం వచ్చు, చూసుకోవడం రాదు. ఆమెకు చూసుకోవడమే వచ్చు. నిరుడు ఆమె పోయినప్పటి నుంచి నేను మూత తెరవలేదు.

హైదరాబాదులో ఒక సంగీత పాఠశాల వారు దీన్ని తమకు ఇవ్వమంటున్నారు. అక్కడ నిపుణులున్నారు. క్రిస్మస్ లోపల జవాబు చెప్పాలి. మీ దగ్గర అది క్షేమంగా ఉంటే ఇవ్వను సార్. ఒక్క మెట్టు మూగబోయినా ఇచ్చేస్తాను. అమ్మ కాపాడినదాన్ని నా మొండితనంతో పాడు చేయలేను.

పెద్దమ్మకు నమస్కారాలు.
కోమల


పానగల్
18 ఆగస్టు 2024

చిరంజీవి కోమలకు,

నీ షరతు చదివాను. న్యాయమైనది. ఒక్క మెట్టు కూడా మూగబోదు.

ప్రతి ఉదయం స్నానం చేసి, చేతులు రెండుసార్లు తుడుచుకొని, ఎడమ చివర నుంచి మొదలుపెడతాను. బడిలో ముప్పై ఆరేండ్లు చేసిన పనే కనుక దీనికి హాజరు అని పేరు పెట్టాను. ఒక్కొక్కటి ఒత్తుతాను, అది పలుకుతుంది, ముందుకు పోతాను. మొదటి వరుస పెద్దమనుషుల గొంతు, చివరి వరుస చంటిపిల్లల గొంతు. చివరివి ఒక్కోరోజు సణుగుతాయి. అయినా హాజరే.

నిన్న పైమూత ఎత్తి, ముట్టకుండా, లోపలికి చూశాను. బిడ్డా, ఇది ఎంతటి శిల్పం! మెట్టు ఒత్తితే దాని తాలూకు సుత్తి లేస్తుంది. దాని తలకు ఉన్ని టోపీ. లేచి తీగను తాకి, తాకిన మరుక్షణమే వెనక్కి తప్పుకుంటుంది. అక్కడే ఆనుకొని ఉంటే నాదం పుట్టకముందే చస్తుంది. చెప్పవలసిన మాట చెప్పి పక్కకు తప్పుకోవడమనే విద్య ఇన్నేండ్లు పాఠాలు చెప్పిన నాకు పట్టుబడలేదు, ఈ గుప్పెడంత కొయ్యకు పట్టుబడింది.

గదిలో నుంచి కూలర్‌ను వసారాలోకి మార్చాను. తేమ గాలి దీనికి పడదు కదా. మీ పెద్దమ్మ ఊరుకోలేదు. "దానికి చెమట పోస్తదని నా కూలర్ బయట పెడ్తివి. మరి నాకు పోసేది చెమట కాదా?" అన్నది. అయినా వావిలాకు మూట కట్టింది ఆమే.

హాజరు: ఎనభై ఐదుకు ఎనభై ఐదు.

శుభాకాంక్షలతో,
రాములు సార్


పానగల్
24 అక్టోబర్ 2024

చిరంజీవి కోమలకు,

దసరా చక్కగా గడిచింది. ఈ ఏడు వానలు నిండుగా పడ్డాయి. మన ఉదయ సముద్రం చెరువు అలుగు దాకా నిండి, సాయంకాలాల్లో ఆకాశాన్ని మోసుకొని నిలుస్తున్నది.

నాదం గురించి ఈ మధ్య ఎక్కువగా ఆలోచిస్తున్నాను. పెద్దలు నాదాన్ని ఆహతమనీ అనాహతమనీ రెండుగా చెప్పారు. తాకితే పుట్టేది ఒకటి, తాకకుండానే ఉండేది ఒకటి. రెండవదే గొప్పదన్నారు. ఆ లెక్కన పలకని వాద్యంలో కూడా నాదం ఉన్నట్టే. మౌనం లోపం కాదు, అది ఒక నిండుదనం. ఈ విషయం మీద నీ అభిప్రాయం రాయి.

దేవరకద్రలో చలి మొదలైందా? ఆరోగ్యం జాగ్రత్త.

రాములు సార్


దేవరకద్ర
3 నవంబర్ 2024

సార్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉదయ సముద్రం ఉంది, ఆకాశం ఉంది, అనాహత నాదం ఉంది. హాజరు లేదు.

నేనూ బడిలోనే పని చేస్తున్నాను సార్. లెక్కలు చేసుకురాని పిల్లలు ముందు వాన గురించి మాట్లాడతారు.

ఎన్ని మెట్లు?

కోమల


పానగల్
10 నవంబర్ 2024

కోమలా,

మూడు. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. నడిమి భాగంలోవి.

ఎట్లా జరిగిందో దాచకుండా రాస్తాను. నవమి నాడు మా ఇంట్లో ఆయుధపూజ. నాగలి కర్రు, నా కలము, పుస్తకాలు, మీ పెద్దమ్మ కత్తిపీట, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాను. పియానోను విడిచిపెట్టడానికి మనసు ఒప్పలేదు. మూత తెరిచి హారతి ఇచ్చాను. అంతటితో ఆగితే బాగుండేది. కొట్టిన కొబ్బరికాయ నీళ్లు గిన్నెలో పట్టి, మామిడాకుతో, ఎనభై ఐదింటి మీదా పేరుపేరునా చల్లాను. తడి చెయ్యి పెట్టవద్దని గోడ మీద నా చేతిరాతతోనే ఉంది. అది నీళ్లకు వర్తిస్తుందనుకున్నాను, తీర్థానికి వర్తిస్తుందని తోచలేదు. చదువుకున్నవాడి తెలివితక్కువతనం ఇట్లాగే ఉంటుంది, దానికి కూడా ఒక తర్కం ఉంటుంది.

నాలుగవ నాడు ఎర్రచీమలు బారు కట్టి మెట్ల సందులోకి పోతున్నాయి. అయిదవ నాడు ఆ మూడూ కిందికి పోయి పైకి రాలేదు.

చెప్పకపోవడం రెండవ తప్పు. చెబితే పియానో హైదరాబాదు పోతుందని భయపడ్డాను. పోయిన నెల ఉత్తరం రాస్తుంటే మీ పెద్దమ్మ వెనుక నిలబడి చదివింది. "కాయిదం రెండు దిక్కుల నింపినవు. గా మూడు మెట్ల ముచ్చట ఏది? పిల్ల నిన్ను నమ్మి పెట్టిపోయె, నువ్వు దానికి మబ్బుల కథ చెప్తున్నవ్" అన్నది. అయినా పోస్టు చేశాను. ఆనాటి నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

హాజరు: ఎనభై రెండు. గైర్హాజరు మూడు. బాధ్యుడు నేను. నీ షరతు నాకు గుర్తున్నది. నీ నిర్ణయం ఏదైనా శిరసావహిస్తాను.

రాములు


దేవరకద్ర
17 నవంబర్ 2024

సార్ గారికి,

కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. మెట్లు ఇరుక్కున్నందుకు కాదు, అనాహత నాదానికి వచ్చింది.

మీరు నిజం చెప్పారు కనుక నేనూ చెబుతాను. పియానో ఇస్తానని హైదరాబాదు వారికి ఆగస్టులోనే ఉత్తరం రాసి, పెట్టెలో దాచి ఉంచాను. మీ ఎనభై ఐదు హాజరు చూసి పోస్టు చేయలేకపోయాను. ఇప్పుడు దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టాను.

మా మేనమామ కొడుకు డానియల్ బావ మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్. చర్చీల హార్మోనియంలు బాగు చేస్తాడు, పియానోలు కూడా రెండు మూడు విప్పాడు. సెలవు చూసుకొని వస్తాడు. అతను చూసి, ఇక్కడ బాగుపడుతుందంటే ఒక మాట, కాదంటే ఒక మాట. ఉత్తరం అప్పటిదాకా బల్ల మీదే ఉంటుంది.

పెద్దమ్మతో మాట్లాడండి సార్. తప్పు మీదే కనుక మొదటి మాట మీదే.

కోమల


పానగల్
8 డిసెంబర్ 2024

చిరంజీవి కోమలకు,

కూర్చొని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదు ఇది.

నిన్న డానియల్ వచ్చాడు. సంగతంతా విని, "మీరు దేవునికి మొక్కిన్రు, చీమలు ప్రసాదం తిన్నయి. ఇండ్ల తప్పేమున్నది సార్?" అని నవ్వాడు. మీ పెద్దమ్మ కూడా నవ్వింది. ఆరు వారాల తరువాత ఈ ఇంట్లో నవ్వు.

మంచం మీద తెల్ల దుప్పటి పరిపించి, ముందు చెక్క విప్పి, మెట్లు ఒక్కొక్కటే ఎత్తి వరుసగా పేర్చాడు. మెట్టు అంటే మనకు పైకి కనిపించే తెల్ల ముక్క అనుకున్నాను. కాదు, మూరెడు పొడవు కొయ్య. కనిపించేది వేలెడే, లోపల పని చేసేదే ఎక్కువ. ప్రతి కొయ్య మీద కంపెనీ వారు గుద్దిన ఇంగ్లీషు అంకె ఉంది. దాని పక్కన పెన్సిలు గీతలున్నాయి.

"గివేం గీతలు సార్? పిల్లలెవరన్న గీకిన్రా?" అన్నాడు డానియల్.

అద్దాలు పెట్టుకొని వంగి చూశాను. అతని చేతిలో ఉన్న కొయ్య మీద ౪౨. దాని పక్కదాని మీద ౪౩. మంచం మీద పరిచినవన్నీ చూశాను. ౧ నుంచి మొదలై ౮౫ దగ్గర ముగిశాయి. నాలుగు అంకెకు అనవసరమైన తోక. ఆ తోక వద్దని పలక మీద ఎన్నిసార్లు తుడిపించానో నాకే తెలుసు.

కోమలా, మీ అమ్మ ఎనభై ఐదు దగ్గర ఎందుకు ఆగిందో, నవ్వి ఎందుకు లేచిపోయిందో, ముప్పై రెండేండ్ల తరువాత నిన్న తెలిసింది. విప్పిన మెట్లను తిరిగి వాటి స్థానంలో పెట్టడానికి ఆమెకు అంకెలు కావలసి వచ్చాయి. నా దగ్గర విద్యార్థులు పరీక్షల కోసం నేర్చుకున్నారు, ఉద్యోగాల కోసం నేర్చుకున్నారు. ఒక వాద్యం కోసం అంకెలు నేర్చుకున్నది మీ అమ్మ ఒక్కతే.

ఇంకా ఉంది. ప్రతి మెట్టు కిందా ఉన్ని బిళ్ళ ఒకటి ఉండాలి. మెట్టు వచ్చి మెత్తగా దాని మీద వాలుతుంది. కంపెనీ వేసినవి ఆకుపచ్చవి. అవి నలభై ఎనిమిదింటి కిందే మిగిలాయి. ముప్పై ఏడింటి కింద నల్లని ముతక ఉన్ని. డానియల్ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, గట్టిగా అరిచాడు. "సార్, గిది గొంగడి! గొర్ల గొంగడి! పావలా బిళ్ళ పెట్టి గుండ్రంగ కత్తిరించిన్రు. అత్త పనే గిది!"

పురుగు తిన్న బిళ్ళల స్థానంలో తన గొంగడి కత్తిరించి వేసింది. పియానో విప్పవద్దని హాస్టల్లో గట్టి ఆజ్ఞ ఉండేది, నాకు గుర్తే. విప్పినట్టు తెలిస్తే ఆమె పని పోయేది. అందుకే నాకు చెప్పలేదు, నీకు చెప్పలేదు. నీవు పాఠానికి కూర్చున్న ఆ మెట్ల కింద ఆమె గొంగడి ఉంది.

డానియల్ మాట: కొబ్బరినీళ్లకు ఆ మూడు చోట్ల ఆమె వేసిన బిళ్ళలు కుళ్లి, కొయ్య ఉబ్బింది. కొయ్య ఆరుతుంది. కొంచెం రాపిడి చేస్తే చాలు. బిళ్ళలు మూడు కొత్తవి వేయాలి. "కంపెనీ ఫెల్టు తెప్పించమంటె తెప్పిస్త. కాని అత్త వేసింది ముప్పై ఏండ్లు నిలిచింది. కోమలనే అడుగున్రి" అన్నాడు.

నిపుణులు హైదరాబాదులో ఉన్నారని రాశావు. నేను నీకు ఏ సలహా ఇవ్వను. చూసినది రాశాను. నిన్నంతా ఆ మంచం పక్కన చేతులు జోడించుకొని కూర్చున్నాను. నవమి నాడు చేయవలసిన పూజ అదే అనిపించింది.

రాములు సార్


దేవరకద్ర
15 డిసెంబర్ 2024

సార్,

కూర్చొనే చదివాను.

అమ్మకు వానాకాలం కప్పుకోవడానికి ఒక నల్ల గొంగడి ఉండేది. ఏటికేడు దాని అంచు తగ్గేది. నేను ఆరో తరగతిలోకి వచ్చేసరికి అది ఆమె మోకాళ్ల దాకా కూడా రాలేదు. ఎందుకు కురచైందని అడిగితే, "ఎలుకలు కొరికినయి బిడ్డా" అనేది. వానలో ఆమె కాళ్లు తడుస్తూ నడవడం నేను చూశాను. ఆ ఎలుకలను తిట్టాను కూడా.

నిన్న సంతకు పోయాను. మల్లేష్ అని ఒక గొర్రెల కాపరి పెద్దాయన గొంగళ్లు అమ్ముతున్నాడు. జానెడు ముక్క కావాలన్నాను.

"జానెడా? బొమ్మకు అంగీ కుడ్తున్నవా బిడ్డా?"

"పియానోకు తాతా."

"అదేం జీవం? గొర్రెనా, మ్యాకనా?"

"పాట పాడే పెట్టె."

ఆయన తన భుజం మీది పాత గొంగడి అంచు కత్తిరించి ఇచ్చాడు. "కొత్తది బిరుసుంటది. వానకు తడిసి ఎండకు ఎండింది మెత్తగైతది. పాటకు మెత్తది మంచిది గద" అన్నాడు. ఉత్తరంతో పాటు ఆ ముక్క పంపుతున్నాను. పావలా బిళ్ళ మీ దగ్గర ఉంటుంది కదా.

బల్ల మీది ఉత్తరం చించేశాను. హైదరాబాదు వారికి వేరే ఉత్తరం రాశాను. పియానో దాన్ని చూసుకునే వారి దగ్గరే ఉందని, క్షమించమని.

ఒక మెట్టు మూగబోతే ఇచ్చేస్తానన్నాను. అమ్మ కాలంలో ముప్పై ఏడు మూగబోయాయి సార్. ఆమె దేన్నీ ఇచ్చేయలేదు. అంకెలు నేర్చుకుంది.

క్రిస్మస్ పొద్దున చర్చి నుంచి నేరుగా వస్తాను. మూత నేనే తెరుస్తాను.

కోమల


పానగల్
26 డిసెంబర్ 2024

ఈ పెట్టె తెరిచిన వారికి,

మీరెవరో నాకు తెలియదు. ఏ కాలంలో, ఏ ఊరిలో దీన్ని విప్పుతున్నారో తెలియదు. వావిలాకు మూట పక్కన ఈ కాగితాన్ని ఉంచుతున్నాను. దీనితో పాటు ఒక పావలా బిళ్ళ, మిగిలిన గొంగడి ముక్క, ఒక పెన్సిలు ఉంటాయి. అవి చెత్త కాదు, పనిముట్లు.

కొయ్యల మీద ఉన్న తెలుగు అంకెలు ఈదమ్మ రాసినవి. చెరపకండి. ముప్పై నాలుగు మెట్ల కింద ఆమె గొంగడి ఉంది. ౪౧, ౪౨, ౪౩ కింద ఉన్నది దేవరకద్ర కాపరి భుజం మీది గొంగడి. అక్కడ కొయ్య మీద కనిపించే మరక నేను చల్లిన కొబ్బరినీళ్లది. నా పేరు రాములు. భక్తి ఎంత ఉన్నా సరే, చెయ్యి తుడుచుకొని ముట్టండి.

నిన్న కోమల దీన్ని వాయించింది. మొదట కూర్చోలేదు. కొంగుతో మెట్లన్నీ ఒకసారి తుడిచింది, వంగి కింద నేల కూడా తుడిచింది. తరువాత కూర్చొని ఆ నడిమి మూడు మెట్లతోనే మొదలుపెట్టింది. ఏ పాటో నాకు తెలియదు. డానియల్ కళ్లు మూసుకున్నాడు. మా ఇంటావిడ ప్రమీలమ్మ మాత్రం కళ్లు మూయలేదు, ఏ మెట్టు ఎట్లా పలుకుతున్నదో చూస్తున్నది. ఈ ఉదయం నాకంటే ముందే లేచి హాజరు ఆమే తీసింది. "నీకు పూజలు అప్పజెప్పొద్దు. ఇగ నేను చూస్త. రాయి, ఎనభై ఐదుకు ఎనభై ఐదు" అన్నది. రాస్తున్నాను.

ఈదమ్మకు నేను అంకెలు నేర్పాను. దానికి ఆమె చెల్లించిన గురుదక్షిణ ఇప్పుడు నాకు అందింది. బదులుగా ఒక పద్యం మాత్రమే ఇవ్వగలను.

మీటరాని చేయి మెట్లను కాపాడె
మీటువారి కొరకు మేలుకొనుచు;
గొంగడైన నేమి, గుండియ వెచ్చగా
పలుకు నేర్పె మూగ పలకలకును.

మా తరువాత వచ్చిన వారలారా, మీ చేతులు పొడిగా, మీ మనసులు తడిగా ఉండుగాక. వాయించగలిగితే వాయించండి. వాయించలేకపోతే ఈదమ్మ దారిలో కాపాడండి, అది తక్కువ పని కాదు. మూగబోయినదాన్ని మీరు విడిచిపెట్టకుందురుగాక. దాన్ని పలికించడానికి ఏది నేర్వవలసి వచ్చినా, ఏ వయసులోనైనా, మీ ముందు ఒక పలక, దాని పక్కన ఒక మనిషి ఉండుగాక. మీ ఇంట ప్రతి ఉదయం ఎనభై ఐదుకు ఎనభై ఐదూ పలుకుగాక.

శుభమస్తు.